ముందు షాకబ్జర్, తర్వాతే స్ప్రింగు

ఫోక్స్‌వ్యాగన్ పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది. దాని మీద మోజు మాత్రం ఆగలేదు. సెకండ్ హ్యాండ్‌లో జీటీ టీఎస్ఐ చేజిక్కించుకున్న కుర్రాడు మొదట ఇంజిన్ రీమ్యాప్ చేయిస్తాడు. ఆ తర్వాత అతని కన్ను టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న ఖాళీ మీద పడుతుంది. కారు కాస్త కిందికి దిగితే అందం, మలుపుల్లో పట్టు రెండూ వస్తాయని షాపువాడు చెబుతాడు. లోయరింగ్ స్ప్రింగులు ఎక్కుతాయి. పాత షాకబ్జర్లు అలాగే ఉండిపోతాయి.

చిక్కు అక్కడే.

స్ప్రింగు కారు బరువు మోస్తుంది. గుంతలో పడి లేచాక అది ఊగుతూ ఉండిపోకుండా ఆపేది షాకబ్జర్. స్ప్రింగు ఎంత బిగువైతే తిరిగి తన్నే బలం అంత ఎక్కువ. వేల కిలోమీటర్లు తిరిగి నీరసించిన షాకబ్జర్‌కు దాన్ని ఆపే సత్తా ఎక్కడిది? పైగా కారు 30 మిల్లీమీటర్లు దిగితే, చక్రం పైకి కదలడానికి ఉన్న చోటూ దాదాపు అంతే తగ్గుతుంది. ఓ మోస్తరు గతుకుకే లోపలి రబ్బరు బంప్ స్టాప్ తగులుతుంది. మలుపు మధ్యలో అది తగిలితే ఆ మూల ఒక్కసారిగా బిగుసుకుపోయి టైరు జారే ప్రమాదం ఉంది. పట్టు కోసం పెట్టిన ఖర్చు ఉన్న పట్టునే తీసేస్తుంది.

ముందు చక్రాల దగ్గర తిరకాసు ఇంకా ఎక్కువ. పోలో, స్విఫ్ట్ లాంటి కార్లకు ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. కారును దించితే దాని గురుత్వ కేంద్రం దిగుతుంది, నిజమే. కానీ లోయర్ ఆర్మ్‌ల వాలు మారిపోవడంతో, కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగితే ఒరిగే గుణమూ పెరుగుతుంది. దాన్ని ఆపడానికి మరీ గట్టి స్ప్రింగులు వేయాల్సి వస్తుంది. నడుం నొప్పి కొసరు.

మెత్తని స్ప్రింగులతోనూ మలుపులు గెలవొచ్చని 1962లోనే లోటస్ ఇలాన్ చూపించింది. బరువు తక్కువగా ఉంచి, మెత్తని స్ప్రింగులు పెట్టి, అదుపు పనిని షాకబ్జర్లకు అప్పగించిన కారు అది. నడతలో దాని పేరు ఇప్పటికీ చెబుతారు.

ఎత్తు తగ్గించకుండానే కారును చక్కదిద్దే సరుకు బజారులో ఉంది. జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్ రకాలు చూస్తే ఎంపిక తేలికవుతుంది. బీ4 కంపెనీ ఇచ్చిన షాకబ్జర్‌కు సాటి. బీ6 అసలు ఎత్తుకు సరిపోయే బిగువైన రకం. బీ8ను పొడవు తగ్గించి, దించిన కార్ల కోసమే చేశారు. మన రోడ్ల మీద తిరిగే ఇంటి కారుకు బీ6 తరగతి సరుకు చాలు. దించి తీరాలనుకుంటే బీ8 లాంటి పొట్టి షాకబ్జర్లతో కలిపే దించాలి. ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు ట్రాక్ మీదికి వెళ్లేవారికి పనికొస్తాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అవి దండగ.

ఇక రోడ్డు సంగతి. పోలో గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 165 మిల్లీమీటర్లు. 35 దించితే మిగిలేది 130. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. పోలో ముందు వెనక చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్ల లోపే కాబట్టి కారు మొత్తం దాని మీదికి ఎక్కి నిదానంగా దిగుతుంది. కాలనీల్లో జనమే పోయించుకున్న సిమెంటు దిమ్మలకు ఆ వెడల్పు ఎక్కడ ఉంటుంది? అవి సరిగ్గా చక్రాల మధ్యకు వచ్చి కారు అడుగును గీరుతాయి. నలుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడితే ఆ 130 కూడా మిగలదు.

ఆ దెబ్బకు భయపడి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించేవారు మరో రకం. కారు కొద్దిగా లేస్తుంది. కానీ ఇరికించిన చోట చుట్టు కదలడం మానేస్తుంది, గతుకు దెబ్బంతా మిగతా చుట్లే తినాలి. షాకబ్జర్ మాత్రం పాతదే.

డబ్బు ఖర్చు పెట్టే వరస వేరు. ముందు లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు, స్ట్రట్ మౌంట్లు చూపించాలి. అరిగినవి మార్చాలి. తర్వాత మంచి టైర్లు. ఆపైన షాకబ్జర్లు, అవీ జతగానే. చివర వీల్ అలైన్‌మెంట్. చాలా కార్లకు ఇక్కడికే సరిపోతుంది, స్ప్రింగుల దాకా వెళ్లే పని పడదు.

వెళ్లేవారు చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీ వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. దించిన కారు తనిఖీలో ఇట్టే కంటపడుతుంది. మార్పు చేయించాక బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయకపోతే, ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.

— సారథి