ప్రాకుడు థైము: గుణములు, నిరూపణములు

సంపాదక మహాశయా,

గత సంచికలో ప్రాకుడు థైమును గూర్చి వెలువడిన వ్యాసమును ఆసక్తితో చదివితిని. ఐరోపాఖండపు పొడినేలల పచ్చికబయళ్లలో నేలనంటి ప్రాకుచు, ఊదాపూల గుత్తులతో పరిమళించు ఆ మొక్కయెడల వ్యాసకర్తకుగల ఆదరము నాకును కలదు. అయినను, అది దగ్గును మాన్పునని శాస్త్రము నిరూపించినదన్న వాక్యమును మాత్రము అంగీకరింపజాలను.

జర్మనీలో 361 మంది శ్వాసనాళశోథ రోగులపై జరిగి, 2006లో ప్రకటితమైన పరీక్షలో, మందు పుచ్చుకొన్నవారికి దగ్గుతెరలు సుమారు 69 శాతమును, ఔషధరహితమైన పానకము పుచ్చుకొన్నవారికి సుమారు 48 శాతమును తగ్గిన మాట వాస్తవమే. కాని ఆ మందు తోటథైమును, ఐవీ ఆకును కలిపి చేసినది. ప్రాకుడు థైము వేరొక జాతి. ఐరోపా ఔషధసంహిత తోటథైము ఎండుదినుసునందు కిలోకు కనీసము 12 మిల్లీలీటర్ల తైలముండవలెనని విధింపగా, ప్రాకుడు థైమునకు 3 మిల్లీలీటర్లే చాలునన్నది. ఆ తైలమందలి థైమాల్, కార్వక్రాల్ అను ద్రవ్యముల పాళ్లు సైతము మొక్క పెరిగిన తావునుబట్టి మారుచుండును. గాజుపాత్రలో సూక్ష్మజీవులను చంపిన తైలము రోగిదేహమందును అట్లే పనిచేయునని తలచుట తొందరపాటు.

థైమాల్ మనము మందుగా వాడు వామునందును సమృద్ధిగా కలదు. కావున పరంపరానుభవమును నేను తృణీకరింపను. అనుభవమును అనుభవముగను, నిరూపణమును నిరూపణముగను చెప్పుటయే పాఠకులకు మేలు. పసిబిడ్డలకు ఈ తైలమును లోనికీయరాదనియు, దగ్గునకు జ్వరము, ఆయాసము తోడైనచో వైద్యుని దర్శింపవలెననియు రాబోవు సంచికలో ప్రకటింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు