స్వేచ్ఛా మార్కెట్ మాటలు, మన నాలుగు సాంచాలు

ఈసారి పెళ్ళి ఫోటోలు లేవు, ముత్తాత కథ కూడా లేదు. ఒక పంచాయితీ ఉంది. నా తెలుగులో తప్పులు దొర్లితే సర్దుకోండి. నేను బడిలో చదివింది కన్నడ, గల్లీలో మాట్లాడింది మరాఠీ. తెలుగు అక్షరాలు అవ్వ పక్కన కూర్చుని పంచాంగం చూస్తూ నేర్చుకున్నవి. కన్నడ వచ్చినవాడికి తెలుగు లిపి పెద్ద కష్టం కాదు, తలకట్టు ఒక్కటే కొంచెం తికమక పెడుతుంది.

సంగతి ఏమంటే, మన నాలుగు సాంచాలు అమ్ముదామా అని నాయిన రెండు నెలల నుంచి అడుగుతున్నడు. చిన్నాయిన వద్దంటున్నడు. ఇద్దరూ కలిసి నా దిక్కు చూసి "చదువుకున్నోనివి, నువ్వే చెప్పు" అంటున్నరు. చదువుకున్నోనికి ఏం తెలుసు? నేను పుణెలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. టవల్ బీము మీద ఎన్ని పోగులు ఉంటాయో ఇప్పటికీ నాయినని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆ ఆలోచనలోనే ఉండగా పోయిన నెల ఒక సాయంత్రం అక్కడి ఒక యూనివర్సిటీలో స్వేచ్ఛా మార్కెట్ మీద ఉపన్యాసాలు ఉన్నాయని తెలిసింది. ఎవరైనా రావచ్చన్నారు. ఆఫీసు అయ్యాక పోయిన. ముగ్గురు మాట్లాడారు, చాయ్ కూడా ఇచ్చారు. హాలు సగం నిండింది, అందులో సగం పిల్లలు హాజరు కోసం వచ్చినవాళ్ళే.

మొదటి ఆయన బి.ఆర్. శెణై గురించి చెప్పాడు. కన్నడలో చదువుకున్న నాకు ఆ పేరు మీద వేరే అభిమానం, అప్పటి దక్షిణ కన్నడ జిల్లా మనిషి కదా. 1955లో రెండో పంచవర్ష ప్రణాళిక మీద ఆర్థికవేత్తలంతా సరే అని సంతకం పెడితే, ఈయన ఒక్కడే ఒప్పుకోనని రాసి ఇచ్చాడు. నోట్లు అచ్చేసి ప్రణాళిక నడిపితే ధరలు పెరుగుతాయి, ధరల్ని ఆపడానికి కంట్రోళ్ళు వస్తాయి, ఇదీ ఆయన మాట. తర్వాత పర్మిట్లు, కోటాలు, క్యూలు చూసిన మన తాతల తరానికి ఇది వేరే చెప్పనక్కర లేదు. రెండో ఆయన స్వతంత్ర పార్టీ కథ ఎత్తుకున్నాడు. 1959లో పుట్టిన ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా ఆచార్య రంగా. హాల్లో ఆ పేరు విని ఉలిక్కిపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా.

మూడో ఆయన దగ్గరికి వచ్చేసరికి నాకు చాయ్ చల్లారిపోయింది. ఆయన మిల్టన్ ఫ్రీడ్‌మన్ పుస్తకం ‘ఫ్రీ టు చూజ్’ పట్టుకున్నాడు. 1980లో వచ్చింది, టీవీలో కూడా వేశారు. అందులో 1867 తర్వాతి జపాన్‌నీ 1947 తర్వాతి ఇండియానీ పక్కపక్కన పెడతాడు. జపాన్ యంత్రాల్ని రానిచ్చింది, చేతి పని తగ్గిపోతే పోనీ అనుకుంది, ఎదిగింది. ఇండియా చేనేతకు డబ్బిచ్చి, మిల్లుల చేతులు కట్టేసి, అంబర్ చర్ఖా తిప్పుతూ కూర్చుంది, బీదగా మిగిలింది. వక్త ఇది చెబుతూ తెర మీద ఒక మగ్గం బొమ్మ చూపించి, "ఈ చప్పుడు మీకు సంగీతంలా వినిపిస్తుంది, నాకు వృథా అయిన జీవితం వినిపిస్తుంది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే తాత కూడా దాదాపు అదే అనేవాడు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి ముప్ఫై ఏళ్ళు నేసినవాడు, నా కొడుకు ఈ గుంటలో దిగొద్దని ఒట్టేయించుకున్నవాడు. చేనేత అందంగా ఉంటుందని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది నాడె విసిరినవాళ్ళు కారు. అక్కడివరకు ఆ వక్తకూ తాతకూ తేడా లేదు.

తేడా తర్వాత మొదలవుతుంది. మా పనిలో మొదట రాసే టెస్ట్ కేసు, అన్నీ సరిగా జరిగితే ఏమవుతుంది అనేది. అది పాసైతే డెవలపర్ సంబరపడతాడు. మాకు జీతం ఇచ్చేది మాత్రం మిగతా కేసుల కోసం. ఆ సాయంత్రం ముగ్గురూ మొదటి కేసు ఒక్కటే నడిపి చూపించారు.

జపాన్ సంగతే తీసుకోండి. రూములోకి వచ్చి రాత్రంతా చదివిన. అక్కడ పట్టుదారం తీసే మొదటి పెద్ద ఆధునిక కార్ఖానా తొమియోకాలో 1872లో పెట్టింది ఎవరు? ప్రభుత్వమే. ఫ్రాన్సు నుంచి యంత్రాలూ మనుషుల్నీ తెప్పించి, పని నేర్పించి, నడిపి, 1893లో గాని ప్రైవేటు వాళ్ళకు అమ్మలేదు. ఇంకొకటి, జపాన్ దిగుమతి సుంకాలు తక్కువగా ఉంచింది నిజమే, కాని అప్పుడు పశ్చిమ దేశాలు ఒప్పందాలతో దాని చేతులు కట్టేశాయి, అయిదు శాతం దాటనివ్వలేదు. అంటే స్వేచ్ఛ అని మనం చదివే దాంట్లో కొంత బలవంతం, కొంత సర్కారీ సొమ్ము కూడా ఉన్నాయి. వేదిక మీద ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే వాళ్ళ వాదం ఏమీ విరిగిపోయేది కాదు, కొంచెం నిజంగా ఉండేది, అంతే.

ఇక మన షోలాపూర్. ఇక్కడ 1877లో పెట్టిన జూనీ మిల్లు 1963లో మూతపడింది. మనవాళ్ళు కొందరు మిల్లుల్లో చేసినవాళ్ళే. అవి మూతపడుతుంటే మన పేటల్లో ఒక్కొక్క ఇంట్లో రెండు, నాలుగు సాంచాలు దిగాయి. సాఖర్ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్ దాకా పగలూ రాత్రీ అదే చప్పుడు. చద్దరు, తర్వాత టెర్రీ టవల్. స్వేచ్ఛా మార్కెట్ వాళ్ళు దీన్ని చూస్తే సర్కారు సాయం లేకుండా బీదవాళ్ళు సొంతంగా నిలబడ్డ కథ అంటారు. అది నిజమే, కాని సగం. 1950ల మధ్య నుంచి మిల్లులు మగ్గాలు పెంచకుండా ప్రభుత్వం ఆపింది. పెద్దవాడి చేయి కట్టేస్తే చిన్నవాడికి సందు దొరికింది. మన సాంచాలు ఆ సందులో మొలిచినవి. చేనేతను కాపాడాలని పెట్టిన కట్టడి, చివరికి చేనేతను మింగిన మరమగ్గాన్ని కాపాడింది. 1985 టెక్స్‌టైల్ పాలసీ ఆ తేడాలన్నీ తీసేశాక మన సందు కూడా సన్నబడుతూ వచ్చింది. ఇప్పుడు నాడె లేని మగ్గాల ముందు మన పాత సాంచాలు, అప్పట్లో సాంచాల ముందు తాత గుంట మగ్గంలాగే ఉన్నాయి. చిన్నాయిన ఈ మాట ఒప్పుకోడు గాని రాత్రి లెక్క రాసుకునేటప్పుడు ఆయనకు తెలుసు.

మరి సర్కారే కొనాలి అనేవాళ్ళకు సిరిసిల్ల చూపిస్తాను. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చింది, అక్కడి మన బంధువుల ఇళ్ళలో సాంచాలు ఆడాయి. సర్కారు మారాక ఆ ఆర్డరు ఆగింది, సాంచాలూ ఆగాయి. కొనేవాడు ఒక్కడే ఉంటే వాడు సర్కారైనా సేటైనా మన గతి అంతే.

ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి నిలబడ్డ. కాళ్ళు వణికాయి, అది వేరే సంగతి. "సాంచ మూతపడితే యజమాని పాత ఇనుముకి అమ్ముకుంటాడు. దాన్ని ఇరవై ఏళ్ళు నడిపినవాడు ఏం అమ్ముకోవాలి?" అని నాకొచ్చిన హిందీలో అడిగిన. ఆయన విసుక్కోలేదు, మంచి మనిషి. "పనితనం ఉంది కదా, ఎక్కడ గిరాకీ ఉంటే అక్కడికి పోతాడు. మీ పెద్దలు పోలేదా?" అన్నాడు.

పోయారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ముత్తాత కరీంనగర్ దిక్కు నుంచి నిజాం రాజ్యం దాటి ఇక్కడికి వచ్చింది పని వెతుక్కుంటూనే. నేను ఇవాళ పుణెలో ఏసీ కింద కూర్చున్నది కూడా 1991 తర్వాత తలుపులు తెరుచుకోబట్టే. ఆ తలుపు తీసింది అప్పటి కరీంనగర్ జిల్లా వంగర పి.వి. నరసింహారావు గారు, మన ముత్తాత విడిచి వచ్చిన దిక్కు మనిషి. మార్కెట్ అన్నం తింటూ మార్కెట్‌ని తిట్టడం నాకు చేతకాదు.

కాని నా పరీక్ష ఫీజులు ఎక్కడి నుంచి వచ్చాయి? అమ్మ చుట్టిన బీడీల నుంచి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగా లేవని పక్కన పడేసినవాటికి కూలి లేదు, ఆకు తక్కువ పడితే సొంత పైసలతో కొనుక్కోవాలి. అమ్మీ, కొనేవాడూ ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న బేరం అని పుస్తకంలో ఉంటుంది. ఇష్టం లేకపోతే లేచి పోవచ్చు అని కూడా ఉంటుంది. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని, పక్కన నన్నూ చెల్లెనూ పెట్టుకుని ఎక్కడికి లేచి పోతుంది? 1966లో బీడీ కార్మికుల చట్టం రాకపోతే, మన ఆడవాళ్ళు ఎర్రజెండా పట్టుకుని రోడ్డెక్కకపోతే ఆ మాత్రం కూలి కూడా ఉండేది కాదు. కుంభారి దిక్కు బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళు వచ్చాయి. 2006లో వాటి కోసం షోలాపూర్ వచ్చిన ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్. 1991 జూలై 24న ఆ బడ్జెట్ చదివిన ఆర్థిక మంత్రి కూడా ఆయనే. ఒకే మనిషి రెండూ చేశాడు. ఇది ఆ హాల్లో చెప్పాల్సింది, అప్పుడు తోచలేదు, హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి వస్తుంటే కుర్డువాడి దాటాక తోచింది.

సరే, పంచాయితీకి వస్తాను. నా మాట ఏమంటే, నాయిన చెప్పినట్టు సాంచాలు అమ్మేద్దాం. కరెంటు బిల్లు, నూలు ధర పోను మిగిలేది ఏమీ లేదు. తాత పేరు మీద అభిమానంతో నడపడం తాతకే నచ్చేది కాదు. చిన్నాయినా, నీ మీద కోపం లేదు, నువ్వు కాపాడుతున్నది ఇనుమును కాదని నాకు తెలుసు.

కాని మన సాంచాల మీద ఇద్దరు పని చేస్తున్నరు. ఒకాయన నేను రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఉన్నడు. నాకు సైకిలు నేర్పింది ఆయనే. మన దగ్గర వాళ్ళకు పీఎఫ్ లేదు, కాగితం లేదు, ఆ తప్పు మనదే, సేటుల మీద తోసేది కాదు. కాబట్టి అమ్మిన సొమ్ములో మూడో వంతు ఆ ఇద్దరికీ ఇవ్వాలి, ఎవరు ఎన్నేళ్ళు చేశారో లెక్క చూసి. దానం అనొద్దు, బాకీ అనండి. నా వాటా నేను వదులుకుంటున్న, దాన్ని కూడా అందులో కలపండి.

"మార్కెట్లో ఎవరూ అట్ల ఇయ్యరు" అని పెద్ద బావ ఫోనులో అన్నడు. నిజమే, ఎవరూ ఇయ్యరు. ఇవ్వొద్దని కూడా ఎవరూ చెప్పలేదు కదా బావా. సొంత సొమ్ము సొంత ఇష్టం అని ఆ సాయంత్రం ముగ్గురూ గంటసేపు చెప్పింది అదే.

పాత ఇనుము వాళ్ళు ఇద్దరు వచ్చి చూసి పోయారు, ధర ఇంకా తేలలేదు. రాఖీ పున్నానికి మార్కండేయ రథం కోసం అందరూ వస్తారు. భోజనాలయ్యాక మేడ మీద కూర్చుందాం. ఒప్పుకోనివాళ్ళు ఆలోపే నాకు ఫోన్ చేయండి, రాత్రి తొమ్మిది తర్వాత అయితే తీరిగ్గా మాట్లాడతాను. ఆ ఇద్దరితో మాత్రం ఇంకా ఎవరూ ఏమీ అనొద్దు, ముందు మనలో మాట తేలనీయండి.