జెన్‌కు రోడ్డు వద్దు సరే, ట్రాక్ మాటేమిటి?

దేశ రాజధాని ప్రాంతంలో పాత కార్లపై వేటు పడిన ప్రతిసారీ చర్చ పొగ చుట్టూనే తిరుగుతోంది. 15 ఏళ్లు నిండిన పెట్రోలు వాహనాలు ఢిల్లీ రోడ్లపై తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014లో ఆదేశించగా, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాని అమలుకు పట్టుబట్టింది. యజమానులపై కఠిన చర్యలు వద్దంటూ 2025 ఆగస్టులో లభించిన ఊరట, అదే ఏడాది డిసెంబరు నాటికి భారత్ స్టేజ్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితమైంది. ఈ లెక్కన గుర్గావ్ కర్మాగారంలో తయారై, 2006లో ఉత్పత్తి నిలిచిపోయిన మారుతి జెన్‌కు పుట్టినింటి వీధుల్లోనే నిలువ నీడ లేకుండా పోయింది.

1993లో వచ్చిన జెన్‌ను ఆనాటి యువత కేవలం కుటుంబ వాహనంగా చూడలేదు. 993 సీసీ అల్యూమినియం ఇంజను, 50 అశ్వశక్తి, ముప్పావు టన్నుకు అటూఇటుగా బరువు. తేలికపాటి చిన్న కారుకు ఉరకలు వేసే ఇంజను బిగించి పాశ్చాత్యులు 'హాట్ హ్యాచ్' అని మురిసిపోయిన ముచ్చటను మనవారు జెన్‌తోనే తీర్చుకున్నారు. అదే కుటుంబానికి చెందిన 1298 సీసీ ఎస్టీమ్ ఇంజనును ఇందులో కూర్చడం పందేల మెకానిక్కులకు తెలిసిన విద్యే.

అంత దూరం పోనివారు ఉన్న ఇంజనునే సానబెట్టుకుంటారు. సిలిండరు హెడ్డు అడుగుభాగాన్ని కొద్దిగా చెక్కిస్తే దహన గది కుంచించుకుని కంప్రెషన్ పెరుగుతుంది. గాలి, పెట్రోలు వచ్చే దారులను నునుపు చేయించి, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్ వేయిస్తే అధిక వేగం వద్ద ఇంజనుకు ఊపిరి బాగా ఆడుతుంది. అయితే ప్రతి లాభానికీ మూల్యం ఉంది. కంప్రెషన్ హద్దు మీరితే మామూలు పెట్రోలు తట్టుకోలేక అదుపు తప్పి మండుతుంది. ఈ నాకింగ్ ముదిరితే పిస్టన్లకే ముప్పు. అలాంటి క్యామ్ వేసిన కారు సిగ్నల్ వద్ద ఆగితే ఇంజను నిలకడగా తిరగక వణికిపోతుంది. ఎగ్జాస్టుకు అడ్డమని క్యాటలిటిక్ కన్వర్టరును పీకేస్తే కాలుష్య ప్రమాణాలకు తిలోదకాలిచ్చినట్లే. ఇది రోడ్డుకు పనికిరాదని చట్టం చెప్పనక్కరలేదు, ఇంజనే చెబుతుంది. ఇక బ్రేకులు, టైర్లను పట్టించుకోకుండా వేగమొక్కటే పెంచుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

చట్టమూ కఠినంగానే ఉంది. తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చిచెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించేలా మోటారు వాహనాల చట్టాన్ని అదే ఏడాది సవరించారు. రోడ్డు వరకు ఇది సమంజసమే. పేచీ అంతా ఆ తర్వాతి అడుగులోనే ఉంది. 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని వాహనాలను 'వింటేజ్'గా నమోదు చేసేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. వయసు రీత్యా, మార్పుల రీత్యా జెన్‌కు అక్కడ ప్రవేశం లేదు. తుక్కుకు వేయడం, లేదా నిరభ్యంతర పత్రం తీసుకుని పొరుగు రాష్ట్రానికి సాగనంపడం యజమానికి కనిపించే దారులు. రోడ్డు రిజిస్ట్రేషన్ వదులుకుని కారును ట్రాక్‌కే అంకితం చేస్తానన్నవారి కోసం ప్రత్యేక వర్గమంటూ లేకపోవడం విడ్డూరం.

ట్రాక్ లేకా అంటే అదీ కాదు. గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు ఫార్ములా-1 పోటీలు జరిగాయి. అంతటి పోటీనే క్రీడగా కాక వినోదంగా లెక్కగట్టి పన్ను కోరిన ఏలికల కంటికి ఔత్సాహికుడి పాత జెన్ ఆనడం కష్టమే. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారి ట్రాక్‌ల చుట్టూ అల్లుకున్న క్లబ్బుల సంప్రదాయం ఉత్తరాదిన అంత బలంగా వేళ్లూనుకోలేదు.

నంబరు ప్లేటును రవాణా శాఖకు అప్పగించి, కారును లారీపైనే ట్రాక్‌కు తరలించాలన్న షరతుతో ప్రత్యేక పత్రం ఇవ్వడానికి కొత్త యంత్రాంగమేదీ అక్కరలేదు. పోటీదారులకు లైసెన్సులిచ్చే మోటారు క్రీడల సమాఖ్య ఉండనే ఉంది. షరతు మీరి రోడ్డుపై కనిపించిన బండిని అక్కడికక్కడే తుక్కుకు పంపినా ఎవరూ తప్పుపట్టరు.