జర్మనీ చదువు ఫ్రీనే.. మ్యూనిక్‌లో మాత్రం కాదు!

మొన్న మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. ‘అన్నా, అమెరికా ప్లాన్ క్యాన్సిల్. జర్మనీ వెళ్తున్నా. టీయూ మ్యూనిక్‌లో మాస్టర్స్. అక్కడ ఫీజు లేదు కదా, చిన్న లోన్ చాలు’ అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే, కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన పాంప్లెట్ ఫొటో పంపాడు. అది పాత పాంప్లెట్. ఆ తర్వాత రూల్ మారింది.

ఇలాంటి ఫోన్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. హెచ్1బీ కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు అని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రకటించాక చాలామంది చూపు జర్మనీ వైపు తిరిగింది. తప్పేం లేదు. కానీ ‘జర్మనీ అంటే ఫ్రీ’ అనే ఒక్క మాట మీద లోన్ లెక్క వేసుకుంటే మునిగేది మనమే.

ఏం మారింది?

మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం కొత్త ఉన్నత విద్యా చట్టం తెచ్చింది. యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల నుంచి ఫీజు వసూలు చేసుకునే వీలు యూనివర్సిటీలకు ఇచ్చింది. దాన్ని వాడుకుని టీయూఎం 2024-25 శీతాకాల సెమిస్టర్ నుంచి ఫీజు పెట్టింది. బ్యాచిలర్స్‌కు సెమిస్టర్‌కు 2,000 లేదా 3,000 యూరోలు. మాస్టర్స్‌కు 4,000 లేదా 6,000 యూరోలు. ఎంత అనేది కోర్సును బట్టి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 6,000 యూరోల కోర్సయితే నాలుగు సెమిస్టర్లకు 24,000. బతకడానికి నెలకు 992 యూరోలు, అంటే ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలని వీసా రూల్. రెండేళ్లకు అది మరో 23,808. యూరోకు రూ.100 చొప్పున వేసుకున్నా మొత్తం దాదాపు రూ.48 లక్షలు. పైగా మ్యూనిక్ జర్మనీలోనే అద్దెలు బాగా ఎక్కువున్న సిటీ. అదే ఆఖెన్ టెక్నికల్ యూనివర్సిటీలోనో, టీయూ బెర్లిన్‌లోనో అయితే సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల కాంట్రిబ్యూషన్ కడితే చాలు. ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. మెర్సిడెస్, బాష్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచే సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఉంది. కాబట్టి ‘జర్మనీలో ఫీజెంత?’ కాదు, ‘ఏ రాష్ట్రం, ఏ యూనివర్సిటీ?’ అని అడగాలి.

అంత పెట్టి ఎందుకు వెళ్లాలి?

పేరు ఊరికే రాలేదు. 1868లో మొదలైన సంస్థ ఇది. డీజిల్ ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ ఇక్కడి విద్యార్థే. సెలోనిస్, రాకెట్లు తయారుచేసే ఇసార్ ఏరోస్పేస్ లాంటి కంపెనీలు ఇక్కడి విద్యార్థులు పెట్టినవే. స్టార్టప్‌లకు తోడుగా ‘ఉంటర్నేమర్ టీయూఎం’ అనే సెంటర్ ఉంది.

కంప్యూటర్ సైన్స్, మెకానికల్, ఫిజిక్స్ విభాగాలు ఊరి బయట గార్చింగ్ క్యాంపస్‌లో ఉంటాయి. యూ6 మెట్రో నేరుగా వెళ్తుంది. అక్కడే రీసెర్చ్ న్యూట్రాన్ రియాక్టర్, లైబ్నిజ్ సూపర్ కంప్యూటింగ్ సెంటర్, మాక్స్ ప్లాంక్ సంస్థలు పక్కపక్కనే ఉన్నాయి. దీని లాభం మాస్టర్స్ వాళ్లకు కూడా అందుతుంది. ‘హైవీ’ అనే స్టూడెంట్ అసిస్టెంట్ పని దొరికితే ప్రొఫెసర్ ల్యాబ్‌లో గంటల లెక్కన జీతం తీసుకుంటూ రీసెర్చ్ నేర్చుకోవచ్చు. థీసిస్‌ను కంపెనీలో చేసే అవకాశమూ ఉంది. బీఎండబ్ల్యూ, సీమెన్స్ ప్రధాన కార్యాలయాలు ఆ ఊళ్లోనే ఉన్నాయి.

మనవాళ్లు పెద్దగా పట్టించుకోని దారి పీహెచ్‌డీ. ఈ కొత్త ఫీజు పీహెచ్‌డీకి లేదు. అక్కడ చాలామంది పీహెచ్‌డీ చేసేవాళ్లు జీతం తీసుకునే ఉద్యోగులు. ప్రొఫెసర్ గ్రూపులో ఖాళీ పడితే ఉద్యోగానికి అప్లై చేసినట్టే చేయాలి. ఇండియాలో మంచి ఎంటెక్ చేసి, ఒకటి రెండు పేపర్లున్నవాళ్లకు ఇది రూ.48 లక్షల అప్పు లేని దారి.

సీటు సంగతి

ఫీజు కడతామంటే సీటు ఇచ్చే చోటు కాదిది. మొదట మన సీజీపీఏను జర్మన్ గ్రేడ్‌లోకి మారుస్తారు. లెక్క సింపులే. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయండి. దాన్ని గరిష్ఠ మార్కుకూ పాస్ మార్కుకూ మధ్య తేడాతో భాగించండి. మూడుతో హెచ్చించి ఒకటి కలపండి. మీ యూనివర్సిటీలో పాస్ మార్కు 5 అయితే, 8.5 సీజీపీఏకు 1.9 వస్తుంది. 7కు 2.8. అక్కడ అంకె తగ్గేకొద్దీ గొప్ప.

ఆ తర్వాత మీ సిలబస్‌ను వాళ్ల బ్యాచిలర్స్ సిలబస్‌తో పోలుస్తారు. మోటివేషన్ లెటర్, కొన్ని కోర్సులకు వ్యాసం అడుగుతారు. భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది రావడానికి టైం పడుతుంది కాబట్టి ఫైనలియర్‌లోనే మొదలుపెట్టండి. శీతాకాల సెమిస్టర్‌కు చాలా మాస్టర్స్ కోర్సుల గడువు మే 31. కోర్సు పేజీలో తేదీ మీరే చూసుకోండి, ఏజెంట్ నోటి మాట మీద ఉండొద్దు.

చదివేటప్పుడు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా, ఆ 18 నెలల్లో ఇంటర్వ్యూ పిలుపు రావాలంటే జర్మన్ భాష కావాలి. ఇక్కడ ఉన్నప్పుడే బీ1 దాకా నేర్చుకున్నవాళ్లకు పని సగం తేలిక.

మరి మా జూనియర్ ఏం చేశాడు? వాడి సీజీపీఏ 8.1. లెక్క వేస్తే 2.14. ముందు ముఖం వేలాడేశాడు. తర్వాత టీయూఎంకు ఒక అప్లికేషన్ ఉంచుకుని, ఫీజు లేని నాలుగు యూనివర్సిటీలను లిస్టులో చేర్చాడు. టీయూఎం ఇచ్చే ఫీజు మినహాయింపు స్కాలర్‌షిప్‌కూ ట్రై చేస్తానన్నాడు. అది రాకపోతే సీటొచ్చినా వెళ్లనని ఇంట్లో చెప్పేశాడట. వాళ్ల నాన్న తాకట్టు పెట్టాలనుకున్న రెండెకరాలు ప్రస్తుతానికి అలాగే ఉన్నాయి.

మీరూ అప్లై చేసేముందు ఒక కాగితం మీద ఈ లెక్క రాయండి. రాశాక కూడా మ్యూనిక్కే కావాలనిపిస్తే, ధైర్యంగా వెళ్లండి.