ఆవిరి అరిస్తే అలవాటు పడమంటారా?



చలికాలంలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక పాఠకురాలు ఇచ్చిన సలహాలు మీ గత సంచికలో చదివాను. మందుల చీటీలు, ఇన్సూరెన్సు, ఉన్ని మేజోళ్లు, అన్నీ పనికొచ్చే మాటలే. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. పాత అపార్టుమెంట్లలో రాత్రిళ్లు హీటింగ్ గొట్టాలు ఢమఢమలాడటం వాటి స్వభావమనీ, అలవాటు పడాలనీ, మరీ భరించలేకపోతే రేడియేటర్ వాల్వు సగం కట్టేసుకోమనీ రాశారావిడ. మొదటి మాట నేను ఒప్పుకోను. వాల్వు సలహా పాటిస్తే చప్పుడు తగ్గదు సరికదా, లేనిచోట కొత్తగా పుడుతుంది.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే కారణం ఉంది. గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ హౌసులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. చెరకు పిప్పి మండించి ఆవిరి పుట్టించడమే నా కొలువు. ఇప్పుడు న్యూయార్క్‌లో, క్వీన్స్ ప్రాంతపు ఫ్లషింగ్‌లో మా అమ్మాయి వాళ్లు అద్దెకుంటున్న ఇంట్లో ఉన్నాం.

డిసెంబరులో దిగిన మొదటి రాత్రే, తెల్లవారుజామున ఎవరో సమ్మెటతో ఇనుప గొట్టాన్ని బాదుతున్నట్టు నాలుగు దెబ్బలు. మా ఆవిడ లేచి కూర్చుని "ఏవండీ, ఎవరో తలుపు కొడుతున్నారు" అంది. పక్క గదిలో మనవరాలు ఏడుపు లంకించుకుంది. ఆ చప్పుడు పేరు నాకు తెలుసు. వాటర్ హ్యామర్. ఆవిరి గొట్టంలో నీళ్లు నిలిచిపోతే వచ్చే చప్పుడది. మా ఫ్యాక్టరీలో ఒకసారి సంక్రాంతి సెలవుల తర్వాత కొత్తగా చేరిన హెల్పరు, లైన్లో నీళ్లు వదలకుండానే పెద్ద వాల్వు గిర్రున తిప్పేశాడు. అంత లావు గొట్టం ఎగిరి బ్రాకెట్ల మీంచి పక్కకి పడింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. ఆ రోజు నుంచి వాల్వు మీద చెయ్యి వేసిన ప్రతివాడూ ముందు డ్రెయిన్ తెరిచాడా లేదా అని చూడటం నాకు రోగంలా పట్టుకుంది.

ఇక్కడి పాత భవనాల్లో చాలావాటికి కింద బేస్‌మెంట్‌లో ఒక బాయిలర్ ఉంటుంది. అందులోని నీళ్లు మరిగితే ఆవిరి దాదాపు 1,700 రెట్లు ఉబ్బి, పంపులేవీ లేకుండా తనంతట తానే గొట్టాల వెంట పై అంతస్తులకు ఎక్కుతుంది. రేడియేటర్లో చల్లబడి మళ్లీ నీరవుతుంది. మా అమ్మాయి ఇంట్లోలా ప్రతి రేడియేటర్‌కూ ఒకే గొట్టం ఉన్నచోట ఆవిరి పైకి వచ్చే దారీ, నీళ్లు కిందికి దిగే దారీ ఒకటే. పెళ్లింట్లో ఒక్కటే గుమ్మం ఉందనుకోండి. భోజనాలకి వచ్చేవాళ్లు లోపలికి వస్తుండగానే తిన్నవాళ్లు బయటికి పోవాలి. తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉంటే ఎలాగో సర్దుకుంటారు. ఒక రెక్క మూశారంటే గుమ్మంలో తొక్కిసలాటే. వాల్వు సగం కట్టేయడమంటే ఆ ఒక్క రెక్క మూయడం. దిగాల్సిన నీళ్లు దిగలేక రేడియేటర్లో నిలిచిపోతాయి. తర్వాతి విడత ఆవిరి వేగంగా వచ్చి ఆ నీళ్లను తోసుకెళ్లి మూల మలుపుకేసి కొడుతుంది. అదీ ఆ సమ్మెట దెబ్బ. అందుకే ఒంటి గొట్టం రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా కట్టేసైనా ఉండాలి. మధ్యస్థం లేదు. రెండు గొట్టాలున్న రేడియేటర్లకు ఈ నియమం ఇంత కచ్చితంగా వర్తించదు. ముందు మీ పిల్లల ఇంట్లో గొట్టాలు లెక్కపెట్టుకోండి.

మా అల్లుడు సరిగ్గా ఈ పనే చేసి ఉన్నాడు. గది మరీ వేడెక్కుతోందని కిందటి ఏడాది వాల్వు సగం తిప్పి వదిలేశాడు. నేను పూర్తిగా తెరుస్తానంటే "వద్దండీ మావయ్యగారూ, బిల్డింగ్ వాళ్లు ఏమంటారో, లీజు రెన్యువల్ దగ్గర పడింది" అన్నాడు. నెలనెలా అద్దె కడుతూ, చలికాలమంతా రాత్రిళ్లు నిద్ర చెడగొట్టుకుంటూ, అడిగితే ఏమనుకుంటారోనని భయం. ఇది మా అల్లుడొక్కడి భయం కాదు. నేను ఇక్కడ పలకరించిన తెలుగు కుర్రాళ్లలో చాలామందిది ఇదే మాట. అందరూ చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటున్నారు.

సరే, గొడవ వద్దనుకుని క్యాలెండరు తీసుకున్నాను. తొమ్మిది రాత్రులు, ఎప్పుడెప్పుడు మోగిందో రాసిపెట్టాను. ఫ్యాక్టరీ లాగ్ బుక్ అలవాటు ఊరికే పోదు కదా. ఏ రాత్రి చూసినా నాలుగున్నర, నాలుగూ నలభై మధ్యే మొదలు. దానికి కారణం ఊళ్లోని చట్టంలోనే దొరికింది. న్యూయార్క్‌లో అక్టోబరు 1 నుంచి మే 31 వరకు ఇంటివాళ్లు వేడి ఇచ్చి తీరాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట ఎంతున్నా ఇంట్లో కనీసం 62 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు 17 డిగ్రీలు ఉండాలి. ఉదయం 6 తర్వాత, బయట 55 కన్నా తగ్గితే, లోపల 68 ఉండాలి, అంటే 20 డిగ్రీలు. ఆరింటికల్లా ఆ అంకె అందుకోవాలంటే బాయిలర్ నాలుగింటికే లేవాలి. రాత్రంతా చల్లబడి నీళ్లు నిలిచిన గొట్టాల్లోకి వేడి ఆవిరి ఒక్కసారిగా వస్తుంది. తల్లిదండ్రులకు నిద్ర పట్టేదీ అప్పుడే, ముసలివాళ్లం కదా.

నేను రాసిపెట్టిన ఆ క్యాలెండరు చూపించి మా అమ్మాయి బిల్డింగ్ సూపర్‌ని పిలిచింది. భవనం బాగోగులు చూసే మనిషిని ఇక్కడ సూపర్ అంటారు. ఆయన వచ్చి, భుజాలెగరేసి, "ఓల్డ్ బిల్డింగ్" అన్నాడు. అందరూ చెప్పే మంత్రమే. నేను మాట్లాడకుండా రేడియేటర్ మీద రసమట్టం పెట్టాను. బుడగ వాల్వు వైపుకి జరిగింది. అంటే వాల్వు వైపు ఎత్తు, అవతలి చివర పల్లం. ఉండాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు: నీళ్లు వాల్వు వైపుకే జారాలి. దశాబ్దాల తరబడి ఆ పోత ఇనుము బరువుకి అవతలి కాళ్ల కింద చెక్కనేల కుంగిపోయింది. సూపర్ ఒక్క నిమిషం బుడగనే చూశాడు. కిందికి వెళ్లి పలుగూ రెండు చెక్క బిళ్లలూ తెచ్చాడు. ఆయన ఎత్తి పట్టుకుంటే బిళ్లలు నేను తోశాను. మరీ ఎత్తితే గొట్టం అతుకు మీద బరువు పడుతుంది కనుక, బుడగ అటు జరగగానే ఆపేశాం. తర్వాత వాల్వు పూర్తిగా తెరిచాం. పది నిమిషాల పని. ఖర్చు లేదు.

ఆ రాత్రి దెబ్బల్లేవు. టిక్కు టిక్కుమని చిన్న శబ్దం మాత్రం ఉంది. అది నిజంగానే స్వభావం. పది అడుగుల ఇనుప గొట్టం గది చల్లదనం నుంచి ఆవిరి వేడికి ఎక్కితే సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, నేలలోని కన్నం దగ్గర రాసుకుంటుంది. దానికి అలవాటు పడమంటే పడతాను. రేడియేటర్ చివర బొటనవేలంత డబ్బీ ఉంటుంది, వెంట్ అంటారు. వేడి మొదలైనప్పుడు అది కాసేపు బుస్సుమంటే లోపలి గాలి పోతోందన్నమాట, అది కూడా మంచిదే. ఆగకుండా బుసలు కొట్టినా, నీళ్లు చిమ్మినా అది పాడైనట్టు. కొత్తది ఇరవై డాలర్లకు అటూ ఇటూ. గది మరీ వేడెక్కుతుంటే వాల్వు జోలికి పోకుండా, వెంట్ దగ్గర బిగించే థర్మోస్టాట్ ముక్క ఉంటుంది, అది అడగండి. ఇవన్నీ సరిచేసినా భవనమంతా మోగుతోందంటే రోగం కిందే ఉంది: ఒత్తిడి ఎక్కువ పెట్టి ఉంటారు, లేదా బేస్‌మెంట్ గొట్టాలకు తొడుగు ఊడిపోయి దారిలోనే ఆవిరి నీరైపోతోంది. ఇళ్లకి చదరపు అంగుళానికి రెండు పౌండ్ల ఒత్తిడి దాటాల్సిన పనిలేదు. మా ఫ్యాక్టరీ బాయిలర్ దాదాపు 300 పౌండ్ల మీద నడిచేది. ఎక్కువ పెడితే ఎక్కువ వేడి అనుకోవడం అక్కడా ఉండేది, ఇక్కడా ఉంది.

నా బాధ ఇంకొకటి. చప్పుడు భరించలేక కొందరు రేడియేటర్ పూర్తిగా కట్టేసి, గదిలో కరెంటు హీటర్ పెట్టుకుని రాత్రంతా వదిలేస్తున్నారు. 2022 జనవరి 9న ఇదే ఊళ్లో, బ్రాంక్స్‌లో, ఒక అపార్టుమెంటులో అలాంటి హీటర్ నుంచే మంటలు లేచాయి. పొగకి పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. అలవాటు పడమని సలహా ఇచ్చేముందు, అలవాటు పడలేనివాడు ఏం చేస్తాడో కూడా ఆలోచించాలి.

కాబట్టి వాల్వు సగం కట్టేయమన్న సలహాను వచ్చే సంచికలో సవరించమని కోరుతున్నాను. ఆ పాఠకురాలి మీద నాకు కోపం లేదు. ఆవిడకి ఎవరో చెప్పి ఉంటారు, ఆ ఎవరికో వాళ్ల సూపర్ చెప్పి ఉంటాడు.

మా ఎదురింటి చైనా పెద్దాయనకి ఇంగ్లీషు రాదు, నాది అంతంతమాత్రం. మొన్న వరండాలో ఆపి, గోడ మీద పిడికిలితో నాలుగు దెబ్బలు కొట్టి, మా తలుపు వైపు చూపించి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు. రసమట్టం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. అక్కడా బుడగ వాల్వు వైపే ఉంది.

ఇట్లు,
బాయిలర్ హౌసు నుంచి రిటైరైన ఒక పాఠకుడు,
ప్రస్తుతం ఫ్లషింగ్, న్యూయార్క్