ఈ ఏడు మీరేం చదివారు?

డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళల్లో పాత లెక్కలన్నీ బయటికి వస్తాయి. పాలవాడికి ఎంత బాకీ, చీటీ ఇంకా ఎన్ని నెలలు కట్టాలి, పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ చదివింపులు ఎంతయ్యాయి - ఇవన్నీ మనకి నోటికి వచ్చు. కారానికి ఎన్ని కిలోల మిరపకాయలు కొన్నామో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాం. కానీ, "ఈ ఏడు చదివిన పుస్తకాల్లో మీకు బాగా నచ్చినదేది?" అని ఎవరైనా అడిగారనుకోండి, ఏం చెబుతారు?

వెంటనే చెప్పలేకపోతే చిన్నబుచ్చుకోకండి. మనల్ని ఆ మాట అడిగేవాళ్ళే లేరు గదా! పిల్లల్ని మార్కులెన్ని అని అడుగుతారు. మగవాళ్ళని ఇంక్రిమెంటు ఎంత అని అడుగుతారు. మనల్ని ఇవాళ కూరేమిటని అడుగుతారు.

అంచేత మా కాలనీలో ఆరుగురం ఆడవాళ్ళం మాలో మేమే అడుక్కోవడం మొదలుపెట్టాం. ధనుర్మాసం వచ్చాక మొదటి గురువారం మధ్యాహ్నం, అంట్ల పని అయిపోయి, పిల్లలు బడి నుంచి రాకముందు ఎవరో ఒకరింట్లో చేరతాం. ఒక్కొక్కరూ ఆ ఏడు చదివిన వాటిలో ఒక్క పుస్తకం గురించి చెప్పాలి. ఒక్కటే సుమండీ! కొత్త పుస్తకమే కానక్కర్లేదు. అరవై ఏళ్ళనాటిదైనా ఈ ఏడు చదివితే ఈ ఏటి పుస్తకమే. ఏది చెప్పబోతున్నామో ముందుగా ఎవరికీ చెప్పకూడదు. కథంతా విప్పెయ్యకూడదు. "బాగుంది" అని ఊరుకోకూడదు, ఎందుకు నచ్చిందో చెప్పాలి.

పక్క పేజీలో వంటల శీర్షిక ఉంది గనక ఫలహారం సంగతి కూడా చెప్పేస్తాను. ఇలాంటి రోజున పెసరట్లూ బజ్జీలూ పెట్టుకోకండి. వేడివేడిగా వెయ్యాల్సినవి పెడితే ఆ ఇంటావిడ పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. మాకు మొదటి ఏడు అదే జరిగింది. పాపం, ఆవిడ తన పుస్తకం గురించి గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి చెప్పింది. అప్పటినుంచీ ముందురోజు చేసిన చేగోడీలు, అటుకుల మిక్చరు, ఫ్లాస్కులో కాఫీ. అంతే.

ఇంక నిరుడు ఎవరెవరు ఏం చెప్పారో వినండి.

మాలో పెద్దావిడ స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. అందరం పిన్నిగారంటాం. ఆవిడ చెప్పింది కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి'. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు 2012లో వేశారు. కోటేశ్వరమ్మగారు 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియకముందే పెళ్ళి, ఊహ తెలిసీ తెలియకముందే వైధవ్యం. తరవాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం. ఆ తరవాత భర్త ఆవిణ్ణి విడిచి వెళ్ళిపోయారు. ముప్ఫై దాటిన వయసులో మళ్ళీ చదువుకి కూర్చుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టలుకి మేట్రనుగా పనిచేసి, తన కాళ్ళమీద తాను నిలబడ్డారు. కొడుకూ కూతురూ ఇద్దరూ ఆవిడకన్న ముందే పోయారు. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆవిడ వయసు తొంభై దాటింది. 2018లో నూరేళ్ళ వయసున కన్నుమూశారు.

"ఇన్ని కష్టాలున్న పుస్తకం ఎందుకు నచ్చింది పిన్నిగారూ?" అని మాలో ఒకరు అడిగారు.

"కష్టాలు చూసి కాదమ్మా. ఆవిడ ఎక్కడా 'చూశారా నా బతుకు' అని మన చెయ్యి పట్టుకుని ఏడవదు. జరిగింది జరిగినట్టు చెబుతుంది. రిటైరైన రోజునుంచీ నేను, ఇంక నాకేముంది, కృష్ణా రామా అనుకోవడమేగా అనుకుంటున్నాను. తొంభై దాటిన మనిషి పుస్తకం తెచ్చింది. నాకింకా డెబ్భై ఒకటే" అన్నారు. ఈమధ్య ఆవిడ ఒక లాంగు నోటుబుక్కు కొని తన చిన్నప్పటి ఊరి సంగతులు రాస్తున్నారు. మాకెవరికీ చూపించడం లేదు.

ఆ పుస్తకం తరవాత అందరం కాస్త బరువుగా కూర్చున్నాం. అప్పుడు మాలో చిన్నది, ఎదురింటి కోడలు, భయపడుతూ భయపడుతూ "నాది సెక్రటరీ అండీ" అంది. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' అన్నమాట. పిన్నిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఆరడుగుల రాజశేఖరమా!" అన్నారు. అందరం నవ్వాం. ఆ పిల్ల మొహం ఎర్రబడింది గాని తగ్గలేదు.

వాళ్ళత్తగారి బీరువా అడుగున ఆ పుస్తకం దొరికిందట. కాకీ కాగితం అట్ట. మొదటి పేజీలో గుండ్రని దస్తూరీతో ఒక పేరు, 1981 అని సంవత్సరం. పేరు అత్తగారిదే, ఇంటిపేరు మాత్రం వేరు. పుట్టింటి ఇంటిపేరు! "ఆరేళ్ళనుంచి ఒకింట్లో ఉంటున్నాం. మా అత్తగారికి పెళ్ళికి ముందు ఒక పేరు, ఒక పుస్తకం ఉండేవని నాకెప్పుడూ తోచలేదండీ" అంది. వెళ్ళి అడిగితే ఆవిడ ముందు సిగ్గుపడి, తరవాత, కాలేజీకి బస్సు ఎక్కకుండా నడిచివెళ్ళి మిగిల్చిన డబ్బులతో కొన్నాననీ, నాన్నగారు చూడకుండా బియ్యం డబ్బాలో దాచాననీ చెప్పారట. అత్తాకోడళ్ళు వారం రోజులపాటు జయంతి చేసింది రైటా తప్పా అని వాదించుకున్నారట. అంతకుముందు వాళ్ళిద్దరి మధ్యా వాదనంటే కూరలో ఉప్పు గురించే.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పనివ్వండి. ఆ నవలల్ని కాలక్షేపం బఠానీలని తీసిపారెయ్యడం తేలిక. అందులో హీరోకి కారూ, మేడా తప్పనిసరి, నిజమే. కానీ పొట్టకూటికోసం ఉద్యోగంలో చేరి, మాటపడితే ఊరుకోని ఒక మధ్యతరగతి ఆడపిల్లని 1960లలో కథకి మధ్యలో నిలబెట్టారావిడ. 1976లో సినిమాగా వస్తే జనం చూశారు. సులోచనారాణిగారు 2018లో పోయినప్పుడు కంటతడి పెట్టిన గృహిణులు నాకు తెలిసే ఎంతోమంది. అద్దె పుస్తకాల షాపులకి మన అమ్మల్నీ అక్కల్నీ నడిపించినవి ఆ నవలలే. చదవడం అలవాటైనవాళ్ళు అక్కణ్ణుంచి ఇంకో చోటికి వెళ్ళారు. వెళ్ళనివాళ్ళకీ వచ్చిన నష్టమేమీ లేదు.

బ్యాంకులో పనిచేసి వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్న వదినగారు ఓల్గాగారి 'విముక్త' చెప్పారు. 2015లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన పుస్తకం. సీతకి శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ తారసపడే కథలు. అందులో పిన్నిగారికి కొన్ని ఒప్పుదల కాలేదు. ఆ వాదన రాస్తే ఈ శీర్షిక చాలదు, వదిలేస్తాను.

కర్రీ పాయింటు నడిపే ఆవిడ వంతు వచ్చింది. ఆవిడకి పొద్దున్న అయిదింటినుంచి రెండింటిదాకా పొయ్యి దగ్గరే. "నేను చదవలేదు, విన్నాను. ఫోనులో. చెవిలో పెట్టుకుని కూరలు తరుగుతూ విన్నాను. లెక్కలోకి వస్తుందా?" అని అడిగింది. ఆవిడ విన్నది సత్యం శంకరమంచిగారి 'అమరావతి కథలు'. నూరు చిన్న కథలు, బాపుగారి బొమ్మలతో వచ్చినవి. 1979లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినవి. విన్నది చదివినట్టు అవుతుందా, కాదా అని పెద్ద చర్చ జరిగింది. బాపు బొమ్మలు చూడకుండా అమరావతి కథలేమిటని వదినగారు. చివరికి పిన్నిగారే తేల్చారు. మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు, గుళ్ళో పురాణం విని భారతమంతా చెప్పేది, ఆవిడకి భారతం రాదని ఎవరనగలరు అన్నారు. ఒప్పుకున్నాం.

నాది పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే'. చాలాసార్లు చదివిన కథే, నిరుడు మళ్ళీ చదివాను. ఇల్లు తుడవడం, అలకడం, ముగ్గులెయ్యడంలో మునిగిపోయిన ఒక ఇల్లాలు ఓ రోజున తన పేరేమిటో మర్చిపోతుంది. ఎవరిని అడిగినా ఫలానావారి భార్య అనో, అమ్మ అనో అంటారు తప్ప పేరు చెప్పరు. ఆ పేరు ఎలా దొరికిందో నేను చెప్పను, మా నియమం ఒప్పుకోదు. కొద్ది పేజీల కథ, పప్పు ఉడికేలోపు అయిపోతుంది. ఎదురింటి కోడలు చెప్పిన పుస్తకం మీది సంతకం, ఈ కథ ఒకే రోజున విన్నాం చూడండి. ఆ సాయంత్రం మేమందరం ఇంటికి వెళ్ళి పాత పుస్తకాల్లో మన సంతకాలు వెతుక్కున్నామంటే నమ్ముతారా?

ఇంక ఒకావిడ మిగిలారు. మా ఆరుగురిలో చదువంటే పిచ్చి ఆవిడకే. కాలేజీ రోజుల్లో అద్దె పుస్తకాల షాపువాడు, "అమ్మా, మీరు చదవనిది ఇంకేం లేదు" అని చేతులెత్తేశాడట. 'ఏడు తరాలు' నాకు ఇచ్చి చదివించింది ఆవిడే. అలాంటి మనిషి కాఫీ గ్లాసు కింద పెట్టి, "నేను ఏమీ చదవలేదు. మందుల చీటీలు చదివాను" అంది.

నవ్వుదామని చెప్పిన మాటే. ఎవరికీ నవ్వు రాలేదు. వాళ్ళత్తగారికి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. మంచంమీదే అన్నీ. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రుళ్ళు కూడా. మధ్యలో జావ, మాత్రలు, దుప్పట్లు మార్చడం. పుస్తకం తెరుస్తుంది, రెండు పేజీలు చదివేసరికి పిలుపు. తిరిగి వచ్చేసరికి ఎవరు ఎవరో గుర్తుండదు. మళ్ళీ మొదటి పేజీ. "ఒక నవల మొదటి రెండు పేజీలు పదకొండుసార్లు చదివాను. తరవాత తియ్యడం మానేశాను" అంది.

ఇలాంటప్పుడు మనం సాధారణంగా ఏం చేస్తాం? "అయ్యో, మీ పుణ్యం ఊరికే పోదు" అంటాం. మహా ఇల్లాలని మెచ్చుకుంటాం. పిన్నిగారు అవేమీ అనలేదు. "మీ అత్తగారిని తిప్పడం నాకు నేర్పిస్తావా?" అని అడిగారు.

ఆవిడ ఒప్పుకోలేదు. పరాయివాళ్ళ చేత చేయించుకోవడం అత్తగారికి నచ్చదు, ఆయన ఏమనుకుంటారో, ఊళ్ళో ఆడపడుచు వింటే ఏమంటుందో... మనకి తెలియని కారణాలా ఇవి? వారం రోజులు పట్టింది ఒప్పించడానికి. చివరికి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు ఇద్దరిద్దరం వెళ్ళేట్టు వంతులు వేసుకున్నాం. ఒంటరిగా తిప్పడం కష్టం, నడుం పడుతుంది, ఇద్దరుంటే తేలిక. అత్తగారు మొదటిరోజు మొహం గోడవైపు తిప్పుకున్నారు. మూడోవారానికి మాచేత ఊళ్ళో కబుర్లు చెప్పించుకున్నారు.

ఆ రెండు గంటలూ ఆవిడ మా ఇంటికో, పిన్నిగారి ఇంటికో వచ్చేస్తుంది. సొంతింట్లో ఉంటే లేచి వంటింట్లోకి వెళ్ళకుండా ఉండలేదు గదా! మొదట్లో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నిద్రపోయేది. మేం లేపలేదు. ఆ తరవాత అమరావతి కథలు ఇచ్చాం. ఒక్కో కథా మూడు నాలుగు పేజీలే. మధ్యలో ఆపాల్సివచ్చినా తెగిపోదు. మీ ఇంట్లోనూ పసిపిల్లలో, మంచం పట్టిన పెద్దవాళ్ళో ఉంటే ఇలాంటి చిన్న కథల పుస్తకాలతోనే మొదలుపెట్టండి, లావుపాటి నవలలు తరవాత చూసుకోవచ్చు.

పుస్తకాలు కొనాలంటే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని మీరు అడగొచ్చు. మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం మనం. అంటే ఊళ్ళోని శాఖా గ్రంథాలయానికి మనం ఎప్పుడో చందాదార్లం అయ్యాం, వెళ్ళడమే తరువాయి. కొద్దిపాటి డిపాజిట్టు కడితే పుస్తకం ఇంటికి ఇస్తారు. ఆడవాళ్ళు రారని వాళ్ళు అనుకుంటున్నారు, అక్కడ పేపర్లు చదివే మగవాళ్ళేగా ఉండేదని మనం అనుకుంటున్నాం. ఇద్దరు కలిసి వెళ్ళండి, బెరుకు పోతుంది. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళే వీలున్నవాళ్ళు చీరల ఎగ్జిబిషనుకి పక్కన పెట్టినట్టే దీనికీ ఓ రెండు వందలు పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి. పాల లెక్క రాసే పుస్తకంలో చివరి పేజీ ఖాళీగానే ఉంటుంది. చదివిన పుస్తకం పేరు, తేదీ అక్కడ రాసిపెట్టండి. ఏడాది చివర వెతుక్కోనక్కర్లేదు.

ఈ ఏడు గురువారం మా ఇంట్లోనే. మంచంమీది పెద్దావిడ దగ్గర ఆ రెండున్నర గంటలూ ఎదురింటి కోడలి అత్తగారు కూర్చుంటామన్నారు, తోడుగా తన చెల్లెలిని తెచ్చుకుంటారట. చేగోడీలకి పిండి పట్టించాను. మా స్నేహితురాలు ఈసారి రెండు పుస్తకాలు చెప్పొచ్చా, నిరుటి బాకీ ఉంది గదా అని అడిగింది. పిన్నిగారు ఇంకా ఏమీ తేల్చలేదు.