చావు కబురు దాకా ఆగుతారా?

గృహహింసను మొగ్గలోనే ఆపడంలో రెండు తెలుగు ప్రభుత్వాలూ విఫలమయ్యాయి. చట్టం లేక కాదు, ఉన్న చట్టాన్ని నడిపే మనిషికి తీరిక ఇవ్వక.

ఒక ఇంట్లో ఆడమనిషి దెబ్బలు తింటోందన్న సంగతి అందరికన్నా ముందు తెలిసేది పోలీసులకు కాదు. గర్భిణిని చూడబోయిన ఆశా కార్యకర్తకు ఆమె చేతిమీద కమిలిన మచ్చ కనిపిస్తుంది. పిల్లాడు ఎందుకు ముడుచుకుపోతున్నాడో పంతులమ్మ పసిగడుతుంది. మెట్లమీంచి పడ్డానంటూ మళ్లీ మళ్లీ వచ్చే మనిషికి కుట్లు వేసే నర్సుకు అసలు సంగతి అర్థం కాకపోదు. ఎవరికి తెలిసింది వారి దగ్గరే ఉండిపోతుంది. అన్నీ కలిసేది చాలాసార్లు శవ పంచనామాలోనే.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ఈ దుస్థితిని ముందే ఊహించింది. హింస జరిగితేనే కాదు, జరిగే అవకాశం ఉందనిపించినా ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకు చెప్పవచ్చని నాలుగో సెక్షన్ అంటోంది. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. బాధితురాలు చికిత్సకు వచ్చేసరికి సంఘటన నివేదిక లేకపోతే ఆస్పత్రి బాధ్యులే అది నింపి ప్రొటెక్షన్ ఆఫీసరుకు పంపాలన్నది 17వ నిబంధన. మన ఏరియా ఆస్పత్రులు ఇప్పటిదాకా ఎన్ని పంపాయి? వైద్య ఆరోగ్య శాఖ లెక్క బయటపెట్టాలి.

ఈ సమాచారమంతా చేరాల్సిన ప్రొటెక్షన్ ఆఫీసరు ఎవరు? చాలాచోట్ల అంగన్‌వాడీల నుంచి బాల్యవివాహాల దాకా మోస్తున్న అధికారికే అదీ ఒక అదనపు బాధ్యత. ఆరు వారాల్లో ఈ అధికారులను గుర్తించి నియమించాలని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చిందంటే అంతకన్నా సిగ్గుచేటు లేదు. అప్పటికి చట్టానికి పద్దెనిమిదేళ్లు నిండాయి.

బాధితురాలే వచ్చి ఫిర్యాదు చేస్తే చూద్దామనే ధోరణి క్రూరం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భర్త చేతిలో హింస అనుభవించినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తమ్మీద హింసకు గురైనవారిలో సాయం అడిగింది 14 శాతమే. ధైర్యం చేసి స్టేషను మెట్లెక్కినవారికి దొరికేదేమిటి? కొట్టినవాణ్నీ దెబ్బలు తిన్నామెనూ పక్కపక్కన కూర్చోబెట్టి సంతకాలు పెట్టించే రాజీ. అధికారిక కౌన్సెలింగులో హింసకు సమర్థన చెప్పుకోనివ్వకూడదని నిబంధనలే అంటుంటే, కూరలో ఉప్పు సంగతి దగ్గర నుంచీ విచారణ మొదలవుతుంది.

ముంబయిలో గృహహింస బాధితులకు అండగా ఉండే దిలాసా కేంద్రాలు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే రెండు దశాబ్దాలకు పైగా నడుస్తున్నాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003లోనే పోలీసులూ వైద్యులూ సంక్షేమ సిబ్బందీ ప్రమాదం ఎక్కువున్న కేసులపై ఒక బల్ల చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టారు. మనకు సఖి కేంద్రాలున్నాయి, 181 హెల్ప్‌లైన్ ఉంది, న్యాయసేవాధికార సంస్థ ఉంది. వీరిని నెలనెలా ఒకచోట కూర్చోబెట్టే బాధ్యత కలెక్టరుది. బాధితురాలి సమ్మతి లేకుండా మాత్రం అడుగు వేయకూడదు. పట్టపగలు ఇంటి ముందు పోలీసు జీపు ఆపితే ఆ రాత్రి దెబ్బలు పడేది ఆమెకే.

ప్రతి రెవెన్యూ డివిజనుకూ ఇదొక్కటే పనిగా ఉండే ప్రొటెక్షన్ ఆఫీసరును వేయాలి. మేజిస్ట్రేటు అప్పగించిన పని తగిన కారణం లేకుండా చేయని ఆఫీసరుకు ఏడాది దాకా జైలు అని 33వ సెక్షన్ చెబుతోంది. ఆఫీసరుకు పనిచేసే వీలే లేకుండా చేసిన ప్రభుత్వాన్ని ఏం చేయాలో మాత్రం ఏ సెక్షనూ చెప్పలేదు. అది హైకోర్టులు తేల్చాలి.